సూటు లెక్క

కాంటాలు బందు చేసే యాళ్లకు వచ్చిండు మల్సూరు.
డీసీఎం గేటుకాడ్నే ఆపిండు, ఇంజను ఆర్పకుంట.
"అన్నా, నీకు లెక్కలొస్తయి గద, ఇది జర చూడు"
అని ఫోను నా పద్దుల బుక్కు మీద పెట్టిండు.

పసుప్పచ్చ అక్షరాలు మిణుకుమంటున్నయి:
రెండు వేలు ఏస్తే ఇంకో రెండు వేలు ఉట్టిగ.

ఉట్టిగ.
ఆ మాట ఇంటే నాకు చెవి పక్కన ఈగ తిరిగినట్టుంటది.
నల్లగొండ బత్తాయి మార్కెట్ల
ఇరవై రెండేండ్ల సంది గుమాస్తాను.
టన్నుకింత సూటని తూకంలకెల్లి కొట్టేసిన కాయ
నా పెన్ను ఎంత మింగిందో నాకే ఎరుక.

కిందికి జరుపు అన్న.
ఇంకా కిందికి.
గోటితోని గీకినంత సన్న రాత.
అద్దాలు తుడ్సుకున్న.

ముప్పై ఐదు రెట్లు ఆడినంకనే పైసలు బయిటికొస్తయట.
ఇచ్చిన బోనసు మీదనే కాదు,
నువ్వేసిన దాని మీద గూడ.
తక్‌పట్టీ ఎనకదిక్కు రాసి చూపిచ్చిన:
నాలుగు వేలు, ముప్పై ఐదు సార్లు.
లక్షా నలభై వేలు.

మల్సూరు నవ్విండు,
"గన్ని పైసలు నాకాడ యాడియే?"
అక్కర్లేదురా, ఉన్నయే తిరుగుతయి.
ఒకటే గంపను కాంటా మీదికెక్కిచ్చి దించుడు,
ఎక్కిచ్చి దించుడు.
దించినప్పుడల్ల నూటికి నాలుగు కాయలు
వాని దిక్కు దొర్లుతయనుకో.
గంప మొత్తం దిగేసరికి ఐదు వేల ఆరు వందలు.
రెండు వేల ఇనాం తెచ్చుకునే తొవ్వకు
ఐదు వేల ఆరు వందల డీజిలు.
నీ ట్యాంకుల ఉన్నయే నాలుగు.

అండ్ల మల్ల వారం గడువు.
ఇరవై రూపాలకొక నొక్కుడు లెక్కన
రోజుకు వెయ్యి నొక్కుళ్లు.
స్టీరింగు ఎప్పుడు పడ్తవురా?

"నిడమనూరు సైదులుకు పద్దెనిమిది వేలొచ్చినయి"
అన్నడు, జర పౌరుషంగనే.
వచ్చుంటయి. రావని నేనన్ననా?
గెలిచినోడు చాయ హోటల్ల చెప్తడు,
పోగొట్టుకున్నోడు చాయ తాగి
పైసలియ్యకుంట ఎల్లిపోతడు.

గప్పుడు కండ్లవడ్డది పదిహేడో షరతు.
పేర్లు వరసగున్నయి, మా రాష్ట్రం పేరు మూడోది.
ఈడి మనుషులు ఆడొద్దట,
ఆడి గెలిస్తే ఆ గెలుపు చెల్లదట.
ఏసిన పైసల సంగతి యాడ రాయలే.
రెండు సార్లు చదివి ఇనిపిచ్చిన.
ఏసేటప్పుడు ఏ ఊరని అడగనోడు
తీసేటప్పుడు ఆధార్ కారటు అడుగుతడు.

మల్సూరు ఫోను తీస్కోలే.
వాని బండి అట్లనే గుర్రుమంటున్నది బయిట,
ఆర్పుమని చెప్దామనుకొని మర్సిపోయిన.
రాలిన కాయలేరే ముసలామె
సంచి మూతి బిగిస్తున్నది.

చానాసేపటికి అడిగిండు,
"అన్నా, కనగల్ల మా చిన్నాయిన తోట మీద
సేటు యాభై వేలు అడ్వాన్సిచ్చిండు గద,
మిత్తి లేకుంట, ఉట్టిగనే.
ఆ కాయిదంల గూడ కింద ఏమన్న ఉంటదానే?"

ఉంటది.
కాయ వేరేటోళ్లకు అమ్మొద్దని ఉంటది.
రేటు కోతనాడు సేటు చెప్పిందే అని ఉంటది.
సూటు ఎంతో రాయకుంట
జాగ వదిలిపెట్టి ఉంటది.
సన్నగ, వంపులు లేకుంట, గుండ్రంగ రాసుంటది.
బడిల పంతులు మెచ్చుకున్న చేతిరాత నాది.

ఏమనలే నేను.
అద్దాలు తీసి జేబుల పెట్టుకున్న,
చీకటైంది, ఇగ కనవడదు అన్న.
వాడు ఆ తక్‌పట్టీని నాలుగు మడతలు పెట్టి
ఫోను కవర్ల దోపుకొని పోయిండు.

ఆడిండో లేదో అడగలే.
తెల్లారి నా కుర్చీల కూసుంటే మాత్రం
పెన్ను మూత శానాసేపు రాలే.