ప్లాస్టర్ పళ్ళు

భీమవరంలో, కాలవ గట్టు మీద,
ఎరువుల కొట్టు పైన నా గది.
నోళ్ళు నా దగ్గరికి మనుషులు లేకుండా వస్తాయి,
తడిగుడ్డలో చుట్టుకుని, పేరు రాసిన చీటీతో.

"సుగుణమణి, ఇరవై రెండు, నరసాపురం."
కింది దవడ ముందుకొచ్చి
పై వరసను దాటి నిలబడింది.
లేసు అల్లుతుందట.
అందరూ దారాన్ని పంటితో పుటుక్కున తెంపుతుంటే
ఈ పిల్ల మెడలో కత్తెర వేలాడదీసుకుని కూర్చుంటుందట.

హైమవతి గారు తీగలు వేశారు.
ఏడాదిన్నర.
ప్రతి అచ్చూ ముందటి దానికంటే ఘోరం.
"బాగుచెయ్యమంటే పాడుచేస్తున్నారేంటండీ" అన్నాను, ఉండబట్టలేక.
"ఇన్నాళ్ళూ పళ్ళు లోపలికి వాలి వంకర దాచాయయ్యా.
నిటారుగా నిలబెడితేగాని
అసలు తేడా ఎంతో తాతాజీకి కనబడదు."
ఆ ఏడాదిన్నరా పంటు మీద గాలికి కూడా
ఆ పిల్ల ముఖం మీది చున్నీ తియ్యలేదని
నాకు తర్వాత తెలిసింది.

సర్జన్ తాతాజీ గారు గురువారాలు కాకినాడ నుంచి వస్తారు.
ఇద్దరూ నా బల్ల దగ్గరే దెబ్బలాడుకున్నారు.
ఏడు మిల్లీమీటర్లు వెనక్కి, వచ్చే నెల్లోనే, అని ఆయన.
ఎడమ చివరి పన్ను ఇంకా అడ్డం, ఆగండి, అని ఆవిడ.
"పన్నుదేముందండీ, నేను కోసేది ఎముక."
"మీరు కోసి వెళ్ళిపోతారు. రోజూ నమిలేది పళ్ళే."
కాసేపు మూడో మాట లేదు.
కింద లారీలోంచి యూరియా బస్తాలు దించుతున్న చప్పుడు.
చివరికి ఆయనే అన్నారు:
"లాకుల్లో నీళ్ళు సమం కాకుండా తలుపు తియ్యకూడదులెండి."
మూడు నెలలు ఆగారు.

చిన్న రంపంతో ప్లాస్టర్ దవడను ముందు నేను కోశాను.
వెనక్కి జరిపి, మైనంతో అతికి,
రెండు వరసల మధ్యకీ అద్దంలాంటి పలచటి పలక పోశాను.
ఒక వైపు ఆవిడ లెక్క, ఒక వైపు ఆయన లెక్క.
నా వేలిముద్ర మిగలకూడదని
మూడుసార్లు పాలిష్ పట్టాను.

ఆపరేషన్ రోజున నన్నెవరూ పిలవలేదు. పిలవరు.
పన్నెండున్నరకి ఆవిడ ఫోన్: పలక సరిగ్గా కూర్చుంది.
ఐదు నిమిషాలకి ఆయన ఫోన్: పలక సరిగ్గా కూర్చుంది.

చాలా నెలలకి చీటీ లేని పొట్లం ఒకటొచ్చింది.
అరచేయంత లేసు ముక్క.
అంచున, పంటితో తెంపిన చోట, కాస్త పీచు లేచి ఉంది.
తెచ్చిన కుర్రాడు చెప్పాడు:
అక్క కింది పెదవికి ఇంకా స్పర్శ రాలేదంట,
పుటుక్కుమంటేనే తెలిసిందంట,
తెగిందని.