సీసం

బాలరాట్‌లో మేం కొన్నది చెక్క ఇల్లు.
నూట పదేళ్ల వయసు, కిటికీకి ఆరు పొరల రంగు.
పైది తెలుపు. గోటితో గీరితే లేతాకుపచ్చ,
దాని కింద మీగడ,
ఆ కింద ఎవరి కాలమో.

సుగాత్రి అప్పుడే లేచి నిలబడడం నేర్చింది.
కిటికీ గట్టు సరిగ్గా దాని మూతి ఎత్తు.
నాలుగు పళ్లు, నాలుగు గాట్లు.
ఎలకపిల్ల అని నవ్వి, ఫొటో తీసి
అక్కకి కూడా పంపాను.

రక్తంలో సీసం. ఆరు.
నర్సు బ్రైడీ ఫోన్లో నెమ్మదిగా చెప్పింది:
రంగు పొడిగా గీకొద్దు, తడిగుడ్డతో తుడవండి,
చీపురు వద్దు, బొమ్మలు రోజూ కడగండి,
చెప్పులు బయటే విప్పండి.
ఆ చివరిదొక్కటీ మాకు ముందే తెలుసన్నాను.
అని, ఏడ్చాను.

పక్కింటి మావిస్ కంచె దగ్గరికొచ్చింది.
"ఆ ఆకుపచ్చ నేనూ మా చెల్లెలూ వేశాం.
ఎంత బాగా పట్టిందో అనుకునేవాళ్లం."
కాసేపు ఊరుకుంది.
తర్వాత బకెట్టు తెచ్చింది.

పరీక్ష పుల్లలు పెట్టెలో ఎనిమిది.
కిటికీకి రుద్దితే ఎరుపు. తలుపుబద్దకీ ఎరుపే.
ఏడు అయిపోయాయి.
ఎనిమిదోది పారేయబుద్ధి కాక
చారు కాచే సత్తుగిన్నెకి రుద్దాను.
అమ్మమ్మ తణుకు సంతలో బేరమాడి కొన్న గిన్నె,
నా సూట్‌కేసులో చీరల మధ్య పడుకుని వచ్చిన గిన్నె.
దొంగ ఈ ఇల్లేనని తేల్చుకున్నాక,
ఊరికే రుద్దాను.

పుల్ల కుంకుమ పెట్టుకుంది.

తగరంలో ఏం కలిపాడో అమ్మినవాడు.
చింతపండు పులుపు దాన్ని రోజూ కొంచెం కొంచెం లాగింది.
నేను ఊది ఊది చల్లార్చి
పిల్ల అన్నంలో పోశాను.
ఇల్లు తప్పు చేస్తే తిట్టాను.
గిన్నెని ఏమని తిట్టను?

రాత్రి మా ఆయన చేటలో బియ్యం ఏరుతున్నట్టు
గట్టు మీది పెళ్లలు తడికాగితంతో ఏరుతున్నాడు.
నాన్న పద్యం నేర్పుతూ అనేవాడు:
సీసం నాలుగు పాదాలతో ఆగదే,
కింద ఒక గీతి రాయాలి,
లేకపోతే చదివేవాడి గొంతులో ఉండిపోతుంది.

ఇప్పుడు స్టీలు గిన్నెలో చారు మరుగుతోంది.
రుచి కుదరలేదు. కుదరదేమో.
మూడు నెలల తర్వాత మళ్లీ రక్తం తీస్తారు.
అందాకా తడిగుడ్డ, పిండడం, మళ్లీ తుడవడం.
గట్టుకి అడ్డంగా పెట్టిన అట్టపెట్టె మీద
సుగాత్రి చేతులు రెండూ ఆన్చి నిలబడింది,
కొత్త పన్నుతో.