ఏడో తారీకు దాకా

డిసెంబరులో ఏసీలు చెడిపోవు.
చెడినా ఎవరికీ తెలియదు.
ఏడాది మొత్తంలో నా నిచ్చెనకి
ఈ ఒక్క నెలే విశ్రాంతి.
ఫర్వానియాలో రెండో అంతస్తు, ఒకటిన్నర గది.
మూల నిలబెట్టిన ఆ నిచ్చెనకే
మెట్టు మెట్టుకీ రంగు కాగితాలు కట్టేసి
"నాన్నా, మన చెట్టు ఇదే" అంది షారోను.

చుక్కకి వెదురు దబ్బలు దొరకలేదు.
మునిసిపాలిటీ వాళ్ళు రోడ్డు మధ్య ఖర్జూరాలు నరికి
మట్టలు కుప్పేసిన పొద్దున
వ్యాను ఆపి నాలుగు లాక్కొచ్చాను.
మోచేతి దాకా ముళ్ళ గీతలు.
దీవెన పసుపద్దుతూ
"మట్టల ఆదివారానివి పట్టుకొచ్చి
పుట్టిన పండక్కి వాడేస్తున్నావా" అంది.
"మట్ట మట్టే కదే" అన్నాను.
"ఆయనకి మాత్రం తెలీదేంటి, రెండూ చూశాడు" అంది,
ఇంకొంచెం గట్టిగా అద్దుతూ.

మట్ట చీల్చి అయిదు మొనలూ కట్టాను.
కాగితం చాలక
డక్టులకి చుట్టే వెండి టేపు చుట్టాను.
లోపల బల్బు పెట్టి స్విచ్చేస్తే
చీకటి.
రేకు కదా, వెలుతురంతా మింగేసింది.
పదిహేనేళ్ళ మెకానిక్కుని,
ఆ మాత్రం తట్టలేదు.
ఎవరం ఏమీ అనలేదు కాసేపు.
షారోను లేచి, కంపాసు తెచ్చుకుని
ఊరికే పొడవటం మొదలెట్టింది.
పొడిచిన చోటల్లా
గోడ మీద ఒక చుక్క పడింది.
రాత్రి పదకొండు దాకా ముగ్గురం
ఆ ఒక్క చుక్కకి చిల్లులు పెడుతూ కూర్చున్నాం.

మా లంకలో అయితే చుక్కంటే వీధికి.
కొబ్బరి మొవ్వు దాకా గడ ఎత్తి
ఎవరిది పైనో చూసుకునేవాళ్ళం.
ఇక్కడ కిటికీ లోపల, తెర వెనక.
వద్దని ఎవరూ చెప్పలేదు.
మేమే సర్దుకున్నాం.

పశువులపాకకి ఇసుక కొనక్కర్లేదు,
మొన్నటి గాలిదుమారం
కిటికీ గట్టున పోసి వెళ్ళింది.
చిన్నప్పుడు నాకు
ఒంటె అంటే సండేస్కూలు బొమ్మ.
షారోనుకి
వఫ్రా రోడ్డులో కంచె పక్కన నమిలే జంతువు.
జ్ఞానుల్ని తలుపు దగ్గరే పెట్టింది,
"వీళ్ళది ఇక్కడే, దగ్గరే" అని.

ఇరవై నాలుగు సాయంత్రం
జాబ్రియా నుంచి చెల్లెలు సుగుణమణి వచ్చింది.
మేడమ్ ఇచ్చిన సెలవు రెండున్నర గంటలు,
అందులో బస్సుకే గంట.
సంచిలో అరిసెలు, ఆ వంటింట్లోనే వండినవి,
ఖర్జూరం కలిసి కొంచెం నల్లగా.
అడుగున దీపాల దండ,
అన్నీ నెలవంకలే.
"రంజానుకి వాళ్ళ హాల్లో నేనే కట్టా.
సగం పోయాయని పారేయబోతే అడిగా."
నేను తీగ విప్పి అతికాను.
పదమూడు వెలిగాయి.
నిచ్చెన మీద నెలవంకలు, పైన చుక్క.
వాచీ చూసుకుంటూనే
సుగుణ ఒక కాగితం సరిచేసింది,
మళ్ళీ ఇంకొకటి.

అప్పుడు తలుపు కొట్టారు.
దీవెన చెయ్యి స్విచ్చు మీదికి పోయింది.
కింద మెట్ల గదిలో ఉండే హారిసు,
ఈజిప్టు మనిషి, గిర్గిస్.
నీళ్ళ బిల్లుకి తప్ప ఎప్పుడూ పైకి రాడు.
తెర సందులోంచి కనిపించిందట.
లోపలికి రాలేదు,
గడపలోనే చొక్కా చెయ్యి పైకి లాగాడు.
మణికట్టు లోపల
పచ్చబొట్టు సిలువ, చిన్నది, పాతది.
వేళ్ళతో ఏడు చూపించి
"సబా యనాయర్" అన్నాడు.
షారోనే చెప్పింది మాకు:
"వాళ్ళ పండగ జనవరి ఏడంట.
అప్పటిదాకా తీయొద్దంటున్నాడు."
రెండరిసెలు చేతిలో పెట్టాం.
ఒకటి అక్కడే తిన్నాడు,
రెండోది జేబు రుమాల్లో చుట్టుకున్నాడు.

ఇరవై ఆరున హవల్లీ నుంచి ఫోను,
డక్టు కారుతోందని.
పక్క గది బెంగాలీ పెయింటర్ని
నిచ్చెన అడిగాను.
"నీదేమైంది?"
"దాని మీద దీపాలున్నాయి" అన్నాను.