రంగెయ్యకుండ

ముందు ఫ్యాను బందు పెట్టాలె.
మే నెల, కాజీపేట, పగలు మూడు గంటలు.
తర్వాత పట్టాల దిక్కు చెవి పెట్టాలె.
బొగ్గు వ్యాగన్లు పోతుంటే
బల్ల కింద నేల సన్నగ వణుకుతది,
మనకు తెల్వదు, అద్దానికి తెలుస్తది.

యాకమ్మ కిటికీ కాడ వేలెత్తి లెక్కపెడుతది:
యాభై ఆరు, యాభై ఏడు, గార్డు డబ్బా.
"ఇగ తియ్యి మేడం."

గాజుపలక మీద చిన్నాయన నెత్తురు చుక్క.
కొత్తవాడ జంపఖానాల నూలును
నలభై ఏండ్లు రంగుల ముంచిన మనిషి.
వేలు గుచ్చితే నీలమే వస్తదేమోనని
తనే నవ్విండు.

తెల్లకణం, నీళ్లల్ల నీళ్ల లెక్క.
రంగేస్తే కనబడుతది,
కనబడుకుంటనే సస్తది.
అందుకే నేను రంగు ముట్ట.
కణంలోంచి వచ్చే వెలుగు
పక్క వెలుగు కన్న రవ్వంత ఆలస్యం.
ఆ ఆలస్యాన్నే బొమ్మ చేస్త.

మొదలు అదేం బొమ్మ గాదు.
ఇసుక చల్లినట్టు గరుకు,
ఒక మూల వెలుతురెక్కువ, ఒక మూల మసక,
ఎన్నడో లెన్సు మీద వాలిన దుమ్ము
ప్రతి ఫొటోల ఉంగరాలు తొడుక్కొని నిలబడుతది.
ఏమీ లేని గాజును ఫొటో తీసి
ఉన్నదాంట్లోంచి ఆ లేనిదాన్ని తీసేస్త.
దుమ్ము పోయింది.
నూరు ఫొటోలు ఒకదాని మీద ఒకటి పరిస్తే
గరుకు గూడ పోతది.
కానీ అది బతికున్నది గద,
నూరు దాక ఆగదు.
నేనెంత ఓపిక పడితే
అది నడిచిన తావంత అంత పొగ.
పదహారు కాడ ఆపిన.
కొంచెం గరుకు ఉండనిచ్చిన.

చిన్నాయన తెర ముందుకు వంగిండు.
శానాసేపు మాట లేదు.
అంచు ముందుకు చాపి, ఒళ్లు ఎనకనుంచి గుంజుకొని,
లోపలి గింజలు దొర్లించుకుంట
అది ఎటో పోతాంది.
"గీనికి ఏ రంగు లేదా?"
"లేదు."
"మరెట్ల కనబడ్తాంది?"
"వెలుగును జర ఆపుతది."

మోచేతుల దాక ఎక్కిన నీలాన్ని
ఒకసారి చూసుకున్నడు.
"ఎన్నేండ్లు బతుకుతది?"
"ఏండ్లు గాదు చిన్నాయనా. గంటలు."

అప్పుడే మల్ల నేల కదిలింది.
తెర మీద కణం చెదిరి
తన పక్కన తానే నిలబడ్డది.
నేను చెయ్యి తీసిన.
యాకమ్మ వేలెత్తింది,
ఒకటి, రెండు, మూడు...
ఈసారి చిన్నాయన గూడ లెక్కపెడుతుండు.