చిన్న తల

పరుపులు కుట్టే ఇల్లు మాది, బోయెదోలో.
మా బ్యాంకూ పరుపే.
ప్రభుత్వం మారినప్పుడల్లా
అమ్మ ఒక మూల కుట్టు విప్పి
డాలరు నోటొకటి లోపలికి తోసి
మళ్ళీ కుట్టేసేది.
ఆ పైనే పడుకునేది.

దుకాణం అమ్మేశాం.
ఉన్ని ఏకే యంత్రం కూడా దాంతోపాటే పోయింది.
అమ్మ పరుపు విప్పాం.
రెండూ కలిపితే, అనీబల్ లెక్కన,
వీగోలో రెండు గదులు, ఒక కిటికీ, సగం సముద్రం.
సగమేమిటన్నాను.
మిగతా సగానికి ఎదురింటి మేడ అడ్డమట.

ఫ్లోరిదా వీధిలో డాలర్లు మార్చేవాళ్ళని
చిన్న చెట్లంటారు మా ఊళ్ళో.
చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే రకం కాదు,
చెట్లూ వాళ్ళే, ఆకులూ వాళ్ళవే.
"మార్పు, మార్పు" అని పొద్దుటినుంచీ కేకలు.
ఎన్నికలప్పుడు అదే కేక
ఇంకెవరో వేస్తారు.

బ్యాంకు కొత్త నోట్లే తీసుకుంటానంది.
ఒక చెట్టు మమ్మల్ని గుహకి తీసుకెళ్ళింది.
గుహంటే మూడో అంతస్తులో గది,
తిరగని ఫ్యాను, నోట్లు లెక్కపెట్టే యంత్రం, తీతో అనే మనిషి.

తీతో రెండు కుప్పలు వేశాడు.
కొత్త నోటు మీద ఆ పెద్దమనిషి తల పెద్దది,
పాతదాని మీద చిన్నది.
చిన్న తలకి నూటికి నాలుగు తరుగు.
మరకుంటే ఆరు.
మొహం చూసి బొట్టు పెట్టడం విన్నాను గానీ
మొహం కొలిచి పెట్టడం అదే చూడటం.
"అన్నీ ఆ దేశపు నోట్లే కదయ్యా" అన్నాను.
"ఆ దేశంలో అయితే అన్నీ ఒకటేనమ్మా.
మనం ఇక్కడున్నాం."

మారకానికి మరక పనికిరాదు.
అమ్మ నోట్లనిండా మరకలే:
ఉన్ని జిడ్డు, మాతే చుక్కలు,
ఒకదాన్ని సూది కూడా పొడిచింది.

యంత్రం ఒక నోటుని మూడుసార్లు ఉమ్మేసింది.
అంచున పెన్సిలుతో, అమ్మ చేతిరాత:
నా పళ్ళకి.
కట్టించుకోనే లేదు.
చివరి పదకొండేళ్ళూ రొట్టె నానబెట్టుకునే తింది.
దాన్ని తీసి నా సంచిలో వేసుకున్నాను.
తీతో విసుక్కుంటూ లెక్క మళ్ళీ మొదలుపెట్టాడు.

తర్వాత బ్యాంకు అడిగింది, ఈ సొమ్ము ఎక్కడిదని.
దుకాణానికి నోటరీ కాగితముంది.
పరుపులోదానికి?
అనీబల్ 'వారసత్వం' అని రాశాడు.
'వీపునొప్పి' అని రాయమన్నాను.
రాయలేదు.

పంతొమ్మిది రోజులు ఆ డబ్బు ఎక్కడా లేదు.
ఇక్కడ పోయింది, అక్కడ చేరలేదు.
ఒట్టి బల్లల మంచం మీద కూర్చుని
అనీబల్ ఫోనులో యూరో ధర చూసేవాడు,
పసిపిల్లకి జ్వరం చూసినట్టు.
"వంటగది గచ్చు పోయింది" అనేవాడు ఒక రాత్రి.
మర్నాడు, "గచ్చు వచ్చింది, తలుపు పోయింది."
నేను ఆ లేని ఇంట్లో
లేని తలుపు వేసుకుని నిద్రపోయేదాన్ని.

చేరింది, చివరికి.
ముప్ఫై ఎనిమిది తక్కువగా.
దారిలో ఏదో బ్యాంకు తీసుకుందట.
దాని పేరెప్పుడూ వినలేదు.
అదైనా మా మొహం చూడకుండా తీసుకుంది, నయం.

నవంబరు, వీగోలో వాన.
బ్యాంకులో ఇరియా అనే అమ్మాయికి
ఆ నోటు చూపించాను, ఊరికే.
వెలుతురుకి పట్టి చూసింది.
"తరుగెంత?" అన్నాను.
"తరుగెందుకు? వంద వందే."
"తల చిన్నది కదా."
"అవునా," అని మళ్ళీ చూసింది,
"నేనెప్పుడూ గమనించలేదు."

కోపమొచ్చింది. ఎవరిమీదో తెలీదు.
నోటు ఇచ్చెయ్యమన్నాను.
"మార్చరా?"
"పళ్ళకి దాచింది" అన్నాను.

పళ్ళ డాక్టరు పక్కవీధిలోనే ఉన్నాడంది పాపం,
శనివారాలు కూడా చూస్తాడట.