మూడో పూత

గౌలిగూడ గల్లీల ఇంటికి
నన్ను సున్నానికి పిలిచిన్రు.
సిమెంటు ముట్టొద్దని మేడం ముందే చెప్పింది.
గానుగల తిప్పిన సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం,
పదిహేను దినాలు మాగనియ్యాలె.
అయిందా లేదా అంటె
నాలిక మీద ఇంత పెట్టుకొని చూస్త.
మా నాయిన గట్లనే చూసేటోడు.

నాంచారమ్మ పంతులమ్మ ఉన్న ఇల్లట.
వాకిట్ల, కుట్టుపని నేర్పబడునని ఉర్దూల బోర్డు.
లోపట అ ఆలు.
పరదా కట్టిన బండ్లల్ల ఆడపిల్లలొచ్చేటోళ్లట,
ఒళ్లె అల్లిక, అల్లిక కింద పలక.
ఎవరన్న తలుపు కొడితె
అక్షరాల మీద గుడ్డ, గుడ్డ మీద సూది.
గోడ సందులు గోకుతుంటె నాకే
పదకొండు సూదులు దొరికినయి తుప్పు పట్టి.
పన్నెండోది బొటనేలుకు దిగింది.

సమీనా మేడం ప్రతి బొక్కకు నంబరేసింది.
నలభై ఒకటోది కిటికీ పక్కన,
నా మోకాలికి జానెడు మీద,
కూసున్న పిల్ల నోటికి సరిగ్గ.
దోసిలంత గుంట.
చెమ్మ కాదు, ఎలుక కాదు, ఉలి దెబ్బ కాదు.
ఆమె ఫోటో తీసింది, స్కేలు పెట్టి మల్ల తీసింది.
సున్నం తిన్నరు మేడం, అన్న.
రాసే పెన్ను ఆగింది.

శుక్రారం నాడు ఆటోల ఒక ముసలామె దిగింది,
బాలామణట, ఈడ చదివినామె.
గుంట చూపెట్టి అందరం ఆమె నోరు దిక్కే చూసినం.
నేను గాదు, అన్నది.
నర్సుబాయి. బలపం గూడ తినేది.
అన్ని రాస్తుండె, తన పేర్ల వత్తు తప్ప.
పలక నిండ నరుబాయి నరుబాయి.
పంతులమ్మ కొట్టకపోయేది,
జొన్నరొట్టె తునక చేతుల పెట్టి మల్ల రాయమనేది.
పదేండ్లకు లగ్గమై బీదరు దిక్కు పోయింది.
ఒక్క కార్డొచ్చింది.
కింద నరుబాయి అనే ఉండె.

గంతే. చాయ్ తాగి
పెరట్ల బాయి ఏమైందని అడిగింది.
పూడ్చిన్రని చెప్పినం.

గుంటను ముట్టొద్దు, చుట్టు పూయమన్నరు.
మొదటి పూత ఆరింది. రెండోది పచ్చిగున్నది.
మూడోది పట్టాలంటె దాని మీద గీతలు గీయాలె,
నున్నటి గోడను ఏ సున్నం పట్టుకోదు.
తాపీ మొనతోని అడ్డం నిలువు గీస్తం ఎప్పుడైన.
అందరు అన్నానికి పోయినంక
నరుబాయి అని గీసిన,
నాలుగక్షరాలు, గోడ పొడుగుకు.
వత్తు పెట్టలే.
దిద్దుడు పంతులమ్మ పని.

మూడో పూత ఎక్కింది.
ముంగట చలువరాయి మీద టీచరమ్మ పేరు చెక్కుతరట,
అది వేరే మేస్త్రి.
నేను గోనెపట్ట తడిపి గోడకు కప్పిన,
ఇరవై ఒక్క దినం ఆరనియ్యొద్దు.
వేలికి అంటింది నాలికకు పెట్టుకున్న.
బెల్లం ఇంక తెలుస్తుంది.