దడువాయి దశమభాగం

ఆరాధన అయినంక
వెనుక గదిల చాప మీద కానుక సంచి గుమ్మరిస్త.
ఇరవై రెండేండ్ల సంది సంఘం లెక్క నా చేతిదే.
నోటు పట్టుకుంటే పేరు చెప్త.
ఘాటు ముక్కుకెక్కి తుమ్మొచ్చిందా,
ఎనుమాముల యార్డుల తొడిమెలు తీసే ఎస్తేరక్కది.
నాలుగు మడతలు పడి చెమటకు మెత్తబడ్డది
హమాలి యోనాది.
పిన్ను గుచ్చిన కొత్త నోట్లు
అడ్తి దుకాణం దయాసాగర్ సారువి.
మైకుల ఆయన పేరు చదవకుంటే
వచ్చే వారం నోటు చిన్నగైతది.

ఇగ కవరు. తెల్లది. నెలకొక్కటి.
మీద ముత్యాల తీరు అక్షరాలు:
దశమభాగం – నతానియేలు, దడువాయి.
పైస తక్కువుండది, పైస ఎక్కువుండది.
కాంటా మనిషి గదా,
దేవునికి గూడ తూచే ఇస్తడు అని నవ్వుకునేటోణ్ణి.
ఆ కవర్లతోనే మందిరం రేకులు మార్చినం,
మైకు సెట్టు కొన్నం,
పాస్టరమ్మ ఆపరేషనుకు సగం కట్టినం.

మొన్న ఫిబ్రవరిల,
యార్డంత ఎర్రగ పరుచుకున్న రోజుల్ల,
రాత్రి పదింటికి వచ్చిండు. చేతిల కవరు లేదు.
బడి పిల్లల లాంగు నోటుబుక్కు ఉన్నది.
"అన్నా, నా రసీదులన్నీ కొట్టెయ్."

కంప్యూటర్ కాంటా రాకముందు పదకొండేండ్లు
బస్తాకు కిలో.
పళ్ళెం కింద బొటనవేలు పెట్టి
జెరంత లేపితె చాలునట.
"సగం అడ్తికి, సగం నాకు.
నా సగంల పదోవంతు దేవునికి."
ఏ అడ్తి అన్నది ఆయన చెప్పలే.
నేను అడుగలే.

నేను ఆయన కాలు దిక్కు చూసిన.
చెప్పు విడిచి నిలబడ్డడు.
మామూలు బొటనవేలే,
గోరు జెర పగిలింది.

పాస్టరుగారు మెల్లగ అన్నడు:
"క్షమాపణ కానుకని ఒక్కసారే ఇచ్చెయ్యి, ప్రార్థన చేద్దాం."
నతానియేలు తల అడ్డంగ ఊపిండు.
"మిరప చేను దేవుడు దున్నలేదయ్యగారూ.
దున్నినోళ్ళ పేర్లు ఇండ్ల ఉన్నయి."

మామునూరు కాడి రెండు గుంటల జాగ అమ్మిండు.
ప్రతి ఆదివారం పొద్దుగాల బండి తీసుడు –
నెక్కొండ, గీసుగొండ, పరకాల, రేగొండ.
మందిరంల ఆయన కుర్చీ ఖాళీ.
చల్లారిపోయిండని ఒకరు,
వేరే సంఘంల కలిసిండని ఇంకొకరు.
నేను మూసుకొని కూసున్న.

కొందరు తీసుకున్నరట, మారుమాట లేకుంట.
ఒకామె తలుపు మూసిందట.
నల్లబెల్లిల ఒక ముసలాయన నోట్లు లెక్కవెట్టి
రెండు వందలు తిరిగిచ్చిండట:
"పో బిడ్డా, నేను గూడ బస్తలల్ల నీళ్ళు చల్లిన."
ఇద్దరు గడపల కూసోని నవ్వి నవ్వి,
తర్వాత చానసేపు ఏం మాట్లాడలేదట.

కమిటీల నేను లేసి అడిగిన:
మనం తిన్న పదోవంతు సంగతేంది?
దయాసాగర్ సారు గడియారం చూసుకున్నడు.
వచ్చే మీటింగుకు పెడదామన్నరు.
మూడు మీటింగులైనయి.
పోయిన నెల సున్నం వేసే లెక్క తెగింది గని
ఇది తెగలే.

రాత్రి పెద్ద వాన.
మందిరంల ఒక్కణ్ణే ఉన్న, చిట్టా ముంగటేసుకొని.
రేకుల మీద ఎండు మిరపకాయలు
బస్తాలకు బస్తాలు కుమ్మరించిన చప్పుడు.
ఒక్క చుక్క లోపటికి కారలే.
మంచి రేకులు.
అదే నాకు నిద్ర పట్టనియ్యలే.

పొద్దుగాల సంచి నా ముంగటికొచ్చింది.
జేబుల చెయ్యి పెట్టిన, మళ్ళ తీసిన.
పక్కకు జరిపిన.
ఎస్తేరక్క నా దిక్కు వింతగ చూసింది.
ఆ పైసలు పెట్టి
పదకొండు గంటల నర్సంపేట బస్సుకు టికెటు కొన్న.
నోటుబుక్కుల ఇంకా పదిహేడు ఇండ్లున్నయట.
సంతకం చేసినోడు రసీదు మీద,
ఒక్క గడపకన్న రావాలె గదా.